బిడ్డ చేయి విడుచు వేళ: అంగన్‌వాడి తొలి దినములలో పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ సభ్యులు అంగన్‌వాడి కేంద్రమునకు పోయినప్పుడు సాధారణముగా మూడు విషయములు విచారింతురు. రిజిష్టరులో ఎందరి పేర్లున్నవి, ఆ దినమున ఎందరు పిల్లలు వచ్చిరి, వంట జరిగినదా లేదా అని అడుగుదురు. ఈ మూడును విచారింపవలసినవే. అయితే వీనికన్నింటికి ముందు జరుగు కార్యమొకటి కలదు. అది కేంద్రము గుమ్మమువద్ద జరుగును. మూడేండ్లయినను నిండని బిడ్డ తల్లి కొంగు పట్టుకొని విడువడు. తల్లి ఒక కంట బిడ్డను, మరియొక కంట పొలమునకు బయలుదేరిన కూలీల గుంపును చూచుచుండును. టీచరు బిడ్డ నెత్తుకొనుటకు చేతులు చాచును. తల్లి ఆమెను నమ్మి బిడ్డనందించునా, లేక ఇంటికి మరలించుకొని పోవునా అనుదానిపై కేంద్రములో జరుగవలసిన తక్కిన పని యంతయు ఆధారపడియున్నది.

నమ్మకము కుదరనిచో పేరు రిజిష్టరులో నుండును; బిడ్డ ఇంటనుండును. ఇంట పెద్దలు లేనిచో తొమ్మిది, పదియేండ్ల అక్క బడి మాని తమ్ముని చంకనెత్తుకొనును. ఒక పసివాని యేడుపు ఈ విధముగా ఒక బాలిక చదువునకు అడ్డువచ్చును. మరికొందరు తల్లులు బిడ్డను పొలము గట్టున చెట్టునీడలో పరుండబెట్టి పనిచేయుదురు. ఎండ, పురుగు పుట్ర, కాలువ నీరు అను భయములు వారిని క్షణక్షణము వెన్నాడుచుండును. కావున తల్లికిని టీచరుకును నడుమ నమ్మకము కుదిరినదా అనుట ఆ యిద్దరి సొంత వ్యవహారము మాత్రమే కాదు. అది గ్రామ వ్యవహారము. ఆ నమ్మకము ఎట్లు కలుగును, ఎట్లు చెడును, దానిని నిలుపుటకు పంచాయతీ చేయదగినదేమి అను విషయములను ఈ పాఠమున విచారింతము.

మన పూర్వానుభవము

చిన్నపిల్లలకు ప్రత్యేకముగా బడి యుండవలెనను ఆలోచన మన దేశమున క్రొత్తది కాదు. 1920లో గిజూభాయి బధేకా భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరముననున్న బోర్డీ గ్రామములో గ్రామ బాలశిక్షా కేంద్రమును నెలకొల్పిరి. అచ్చటి పేదవాడలనుండి పిల్లలు బడికి రాకపోయిరి. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లలకడకు పోవలెనని తారాబాయి నిశ్చయించి, ఆ వాడలలోని ఇండ్ల ముంగిళ్లలోనే పాఠములు, ఆటలు, స్నానములు ప్రారంభించిరి. అంగణమనగా ముంగిలి. అంగన్‌వాడి యను పేరు అట్లు ఏర్పడినది. తరువాత 1957లో కేంద్రము కోస్బాడ్ కొండ ప్రాంతమునకు తరలినప్పుడు ఆమెయు, ఆమె సహచరి అనూతాయి వాఘ్‌యు వార్లీ గిరిజనుల పిల్లలనడుమ ఇదే పద్ధతిని సాగించిరి.

తెలుగు గడ్డపై జన్మించిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. ఆ మండలి ప్రోత్సాహముతో అనేక గ్రామములలో బాలవాడీలు వెలసినవి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశములోని 33 బ్లాకులలో ప్రారంభమైనది. అదియే నేడు దేశమంతట వ్యాపించియున్న అంగన్‌వాడి వ్యవస్థకు మూలము.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటి. తారాబాయి తల్లులకు పిలుపునంపి ఊరకుండలేదు. తల్లి కన్నులయెదుటనే, ఆమె వాకిటనే పని మొదలుపెట్టిరి. తమ బిడ్డలతో ఈమె ఎట్లు ప్రవర్తించుచున్నదో తల్లులు స్వయముగా చూచిరి. చూచిన తరువాతనే నమ్మిరి. నేడు కేంద్రమునకు గోడలును తలుపును ఏర్పడినవి. అవి వచ్చుటతో తల్లికి చూచు అవకాశము తగ్గినది. ఆ అవకాశమును మరల కల్పించుటయే మన పని.

బిడ్డ ఏల యేడ్చును?

పసిబిడ్డకు సుమారు ఎనిమిదవ నెలనుండి తనవారెవరో, పరులెవరో తెలియును. అప్పటినుండి తల్లి కనుమరుగైనచో భయపడును. ఈ భయము సామాన్యముగా పదవ నెలకును పదునెనిమిదవ నెలకును నడుమ మిక్కుటముగా నుండి, మూడేండ్లు వచ్చుసరికి క్రమముగా తగ్గును. కావున తొలిదినమున ఏడ్చు బిడ్డ మొండివాడు కాడు. గారాబముచేత చెడినవాడును కాడు. తల్లిని ఎరిగినవాడు కనుక ఏడ్చుచున్నాడు.

ఏడుపు మానిన ప్రతి బిడ్డయు కుదుటపడినట్లు కాదు. ఇంగ్లండు దేశమున జేమ్స్ రాబర్ట్‌సన్ అను నాతడు 1952లో ఒక చలనచిత్రమును తీసెను. రెండేండ్లు దాటిన బాలిక యొకతె శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో తల్లిదండ్రులను ఎడబాసి యుండుట అందు చూపబడినది. ఆ కాలమున అచ్చటి ఆసుపత్రులలో తల్లిదండ్రులు బిడ్డలను చూచుటకు స్వల్పకాలమే అనుమతించెడివారు. ఆ బాలిక పెద్దగా ఏడువలేదు. చూచువారికి బుద్ధిమంతురాలివలెనే కనబడినది. కాని ఆమె ముఖము, చేతులు, తల్లి వచ్చినప్పుడు ముఖము త్రిప్పుకొనుట మొదలగునవి ఆమె లోపలి దుఃఖమును తెలియజేసినవి. 1959లో ఆ దేశమున వెలువడిన ప్లాట్ కమిటీ నివేదిక, తల్లిదండ్రులు ఎప్పుడైనను వచ్చి బిడ్డలను చూచుటకు ఆసుపత్రులు అనుమతింపవలెనని సిఫారసు చేసినది.

మన కేంద్రములో బిడ్డ గడపునవి కొన్ని గంటలు మాత్రమే. సాయంకాలమునకు ఇల్లు చేరును. అయినను ఆ పాఠము మనకును ఉపయోగించును. మూల కూర్చుండి, పలుకక, తినక, ఆడక యున్న బిడ్డను చూచి “వీడు బాగుగా అలవాటుపడినాడు” అని సంతోషింపరాదు. నిజముగా కుదుటపడిన బిడ్డ మనసైనది తినును. దెబ్బ తగిలినచో టీచరు వద్దకు గాని ఆయా వద్దకు గాని పరుగెత్తును. వస్తువులను ముట్టి చూచును. ఒకప్పుడు అల్లరియు చేయును. సాయంకాలము తల్లిని చూడగానే మరల ఏడ్చినను అది కీడు కాదు. దినమంతయు దాచుకొన్నదానిని తనవారివద్ద వెళ్లబోసికొనుచున్నాడని తెలిసికొనవలెను.

తల్లి అడుగని ప్రశ్నలు

తల్లి మనస్సులో ప్రశ్నలు పెక్కు గలవు. నా బిడ్డకు అన్నము ఎవరు తినిపింతురు? దొడ్డికి పోయినచో ఎవరు కడుగుదురు, విసుగుకొనక కడుగుదురా? పెద్దపిల్లలు కొట్టినచో చూచువారుందురా? టీచరు మీటింగునకు పోయిన దినమున తలుపు తీయువారెవరు? జ్వరము వచ్చినచో నాకు కబురు పంపుదురా? ఈ ప్రశ్నలను ఆమె టీచరును అడుగదు. చదువుకొన్న ఆమెను అడుగుటకు సంకోచించును. అడిగినచో బిడ్డపై కోపము చూపుదురేమోయని భయపడును. అడుగని ప్రశ్నలు వీధిలో పుకారులుగా మారును.

కావున టీచరు తానే ముందుగా చెప్పవలెను. బిడ్డ చేరుటకు పూర్వమే ఒక సాయంకాలము, కూలిపని ముగిసిన వేళ, ఆ యింటికి పోవుట ఉత్తమము. గ్రామములలో ఒక అంగన్‌వాడికి 400 నుండి 800 వరకు జనాభా అను లెక్క నిర్ణయింపబడియున్నది. అంత చిన్న పరిధిలో టీచరు ఎరుగని ఇల్లు ఉండరాదు. అచ్చట ఆమె అడిగి తెలిసికొనవలసినవి ఇవి: బిడ్డను ఇంట ఏ ముద్దుపేరుతో పిలుతురు? ఏమి తినును, ఏది పడదు? ఏ వేళ నిద్రించును? మూత్రమునకు పోవలసినప్పుడు ఏమని చెప్పును? ఇంట మాటలాడు భాష ఏది? సాయంకాలము బిడ్డను తీసికొనిపోవుటకు ఎవరెవరు వత్తురు?

భాషను గూర్చిన ప్రశ్న చిన్నదిగా తోచును, కాని చిన్నది కాదు. లంబాడీ, కోయ, గోండు కుటుంబముల బిడ్డకు తెలుగు క్రొత్త భాష. ఆకలి, దాహము, అమ్మ, నొప్పి అనునట్టి పది మాటలనైనను వాని యింటి భాషలో టీచరు నేర్చుకొన్నచో ఆ బిడ్డకు సగము భయము తీరును; తల్లికి గౌరవము కలిగినట్లగును.

తొలి పక్షము నడుపు విధానము

మొదటి దినమున తల్లి గాని, నాయనమ్మ గాని, అమ్మమ్మ గాని బిడ్డతోపాటు కేంద్రములో ఒక గంట కూర్చుండవలెను. ఆ గంటలో టీచరు బిడ్డను లాగికొనక, ఆట వస్తువులను దగ్గర నుంచి, బిడ్డయే తనవద్దకు వచ్చువరకు వేచియుండవలెను. రెండు మూడు దినముల తరువాత తల్లి కొలది సేపు బయటకు పోయి మరల రావలెను. ఆపై భోజనము వరకు, తరువాత నిద్ర వరకు కాలమును క్రమముగా పెంపుచేయవలెను. కొందరు బిడ్డలు అయిదు దినములలో అలవాటుపడుదురు. కొందరికి పదునైదు దినములు చాలవు. తొందరపడి ప్రయోజనము లేదు.

బిడ్డ ఏమరియున్న సమయమున తల్లి చాటుగా జారుకొనుట మన గ్రామములలో ఆచారమైపోయినది. ఇది మంచి పద్ధతి కాదు. వెనుదిరిగి చూచి తల్లి లేదని తెలిసికొన్న బిడ్డ మరునాటినుండి ఒక్క క్షణమైనను కొంగు విడువడు. చెప్పియే పోవలెను. “గంట సేపటిలో వచ్చెదను” అనిన బిడ్డకు బోధపడదు. వానికి గడియారము తెలియదు. “నీవు అన్నము తిని, పడుకొని లేచునప్పటికి వత్తును” అని చెప్పవలెను. చెప్పిన ప్రకారము తప్పక రావలెను. ఆలస్యమగునట్లున్నచో టీచరునకు ఫోను చేయవలెను.

ఇంట మరియొక తప్పు జరుగుచుండును. అన్నము తిననిచో “టీచరమ్మకు చెప్పి కొట్టించెదను” అని పెద్దలు బెదిరింతురు. ఆ మాట పలికిన దినముననే కేంద్రము బిడ్డకు చెరసాలగా మారును. అట్లే కేంద్రములో “ఏడ్చినచో మీ అమ్మ రాదు” అని ఎవ్వరును అనరాదు. రెండు బెదిరింపులును బిడ్డ దృష్టిలో తల్లిని టీచరును శత్రువులుగా చేయును.

కూలికి పోవు తల్లికి ఈ పక్షము దినములు భారమగునను మాట నిజము. అందుచేత క్రొత్త పిల్లలను చేర్చుకొను కాలమును ఊడ్పులు, కోతలు ముమ్మరముగా సాగు వారములలో పెట్టుకొనరాదు. పని తక్కువగా నున్న దినములను ముందుగానే ఎన్నుకొనవలెను. ఏ వీధిలో ఏ పని ఎప్పుడు ప్రారంభమగునో పంచాయతీ సభ్యునికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. తల్లికి వీలుకానిచో ఇంటిలోని వృద్ధులు వచ్చి కూర్చుండునట్లు చేయవలెను.

దెబ్బ తగిలిన దినము

ఎంత జాగ్రత్తగా నున్నను ఏదో ఒక దినమున ఒక బిడ్డ పడును, నుదురు బొప్పికట్టును. నమ్మకమునకు నిజమైన పరీక్ష ఆ దినముననే జరుగును. టీచరు భయపడి యూరకున్నదనుకొందము. తల్లి పొలమునుండి వచ్చుచుండగా దారిలో మరియొకరు, “నీ బిడ్డ నుదురు చూచితివా?” అని అడుగుదురు. అప్పుడు బొప్పికంటె దాచుటయే పెద్ద అపరాధమగును. ఆ రాత్రి వీధి యంతట ఆ ప్రసంగమే నడచును. మరునాడు నలుగురు బిడ్డలు తక్కువగా వత్తురు.

అదే టీచరు వెంటనే తడిగుడ్డ వేసి, తల్లికి ఫోను చేసి గాని ఆయాను పంపి గాని, “అమ్మా, బిడ్డ అరుగుమీదనుండి పడినాడు. నుదుట బొప్పి కట్టినది. ఏడుపు మాని ఆడుకొనుచున్నాడు. నీవు వచ్చి చూడుము” అని చెప్పినదనుకొందము. తల్లి కోపపడవచ్చును; ఒక మాట అనవచ్చును. కాని ఏమి జరిగినను తనకు ముందుగా తెలియునను ధైర్యము ఆమెకు కలుగును. పడిన బిడ్డ వాంతి చేసికొన్నను, మత్తుగా నున్నను, స్పృహ తప్పినను ఇక ఎవరికొరకును వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ నియమము నిత్యము పాటింపదగినది. ప్రతి సాయంకాలము బిడ్డను అప్పగించునప్పుడు టీచరు తల్లికి నిజమైన మాట ఒక్కటైనను చెప్పవలెను. “నేడు గ్రుడ్డు తిన్నాడు, పప్పు ముట్టలేదు,” “నిద్రపట్టక ఏడ్చినాడు” అను పాటి మాటలు చాలును. నెలనెలా బరువు తూచినప్పుడు తూకము తగ్గినచో తల్లిని పదిమందిలో నిందింపరాదు. పక్కకు పిలిచి పటము చూపి, ఇంట జబ్బు చేసినదా, తిండి తగ్గినదా అని మెల్లగా విచారింపవలెను. ఒకసారి అవమానపడిన తల్లి తరువాతి నెల తూకమునకు బిడ్డను తీసికొనిరాదు.

పంక్తి భోజనము

అంగన్‌వాడి భోజనము దయాధర్మము కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరేండ్లలోపు బిడ్డకు దానిని హక్కుగా నిర్ణయించినది. అయినను కొన్నిచోట్ల వంట చేయు ఆయా కులమును బట్టియు, ప్రక్కన కూర్చుండు బిడ్డ కులమును బట్టియు తల్లిదండ్రులు బిడ్డలను మానిపింతురు. మరికొన్నిచోట్ల కేంద్రము ఒక వాడకు చెందిన కట్టడమున నున్నదని ఇంకొక వాడవారు పోరు. ఇట్టి సందర్భములలో టీచరు ఒంటరిగా ఏమియు చేయజాలదు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణము నిషేధించినదని పంచాయతీ స్పష్టముగా ప్రకటింపవలెను. అంతకంటె ఎక్కువగా పనిచేయునది ఆచరణము. సర్పంచిగారి మనుమడు, వార్డు సభ్యుని కుమార్తె అదే పంక్తిలో కూర్చుండి అదే వంట తిన్నప్పుడు ఉపన్యాసము అవసరముండదు. తాము తమ బిడ్డలను పంపని కేంద్రమునకు ఇతరులను పంపుమని కోరు సభ్యుల మాటకు విలువ యుండదు.

టీచరు పక్షము

నమ్మకము ఒకవైపునుండి మాత్రమే పుట్టదు. టీచరు గౌరవ వేతనముపై పనిచేయుచున్నది. పిల్లల పోషణతోపాటు గర్భవతులు, బాలింతల వివరములు, ఇంటింటి సర్వేలు, ఫోనులో నమోదులు ఆమెపై నున్నవి. ఏడ్చుచున్న బిడ్డను ఒడిలో నుంచుకొని ఆమె ఫోను చూచుచున్నచో తల్లికి అది ఆటవలె కనబడును. అది ప్రభుత్వపు పని యని తల్లులకు తెలియజెప్పవలెను. అట్లే ఆ పనిని బిడ్డలు నిద్రించు వేళకు ఉంచుకొనుమని టీచరునకు సూచింపవలెను. పిల్లలున్న వేళలో ఆమెను పంచాయతీ పనులకు పిలువరాదు.

తల్లిదండ్రుల బాధ్యతలును కలవు. జబ్బుగా నున్న బిడ్డను పంపరాదు. చెప్పిన వేళకు వచ్చి తీసికొనిపోవలెను. ఫిర్యాదున్నచో బిడ్డ యెదుట కేకలు వేయక ఏకాంతమున చెప్పవలెను.

పంచాయతీ చేయవలసినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. స్త్రీ శిశు అభివృద్ధి వానిలో నొకటి. ఆరేండ్లు నిండువరకు పిల్లలందరికి సంరక్షణ, విద్య కల్పించుటకు ప్రభుత్వము కృషిచేయవలెనని 2002 నాటి 86వ సవరణచే మార్చబడిన 45వ అధికరణము చెప్పుచున్నది. ప్రతి అంగన్‌వాడికి ఒక పర్యవేక్షణ, సహాయ సంఘముండవలెనని, పంచాయతీ సభ్యులలో ఒకరు, వీలైనంతవరకు మహిళ, దానికి అధ్యక్షత వహింపవలెనని 2011లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శక సూత్రములను జారీచేసినది. కావున ఈ పని మీది కాదని ఎవ్వరును అనజాలరు.

మొదట కట్టడమును చూడుడు. వాకిలి గడియ పిల్లలకు అందనంత యెత్తున నున్నదా? దగ్గరి బావికి పిట్టగోడ కలదా? త్రాగునీరు, మరుగుదొడ్డి, ఫ్యాను పనిచేయుచున్నవా? వానకాలమున దారిలో బురద నిలుచునా? గడియ లేని వాకిలియందు టీచరు ఎన్ని అభయములిచ్చినను తల్లి గుండె నిలువదు. ఆ గడియ బిగించుట టీచరు పని కాదు, మీ పని.

రెండవది, గోడపై తల్లులకు కనబడునట్లు ఆ వారపు భోజన పట్టికను, కేంద్రము తెరచు వేళలను, టీచరు లేనప్పుడు బాధ్యత వహించువారి పేరును వ్రాయించుడు. చదువురాని తల్లులకు నెలకొకసారి కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. మూడవది, తల్లులు ఏ దినముననైనను, ఏ వేళనైనను వచ్చి చూడవచ్చునని ప్రకటింపుడు. చూచుటకు వీలున్న చోట పుకారు నిలువదు. నాల్గవది, ఫిర్యాదు వచ్చినచో వీధిలో పంచాయితీ పెట్టక, సంఘము ఎదుట ఇరువురి మాటలను విని, వారము లోపల సమాధానము చెప్పుడు.

మూడేండ్లలోపు బిడ్డల సంగతియు ఆలోచింపవలెను. వారికి అంగన్‌వాడినుండి ఆహారము ఇంటికే అందును. పూర్వ ప్రాథమిక విద్య మూడేండ్లు నిండినవారికి ఉద్దేశింపబడినది. ఆరు నెలలనుండి ఆరేండ్లవరకు బిడ్డలను పగటివేళ సాకుటకు అంగన్‌వాడితో శిశు సంరక్షణాలయమును జతపరచు పాల్నా పథకము 2022లో ప్రారంభమైనది. కూలికి పోవు తల్లులు అధికముగా నున్న గ్రామములు తమ అవసరమును లెక్కలతో సహా స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులకు తెలుపవలెను.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో రిజిష్టరులో పేరుండియు కేంద్రమునకు రాని బిడ్డలెందరు? వారి తల్లులను కారణమడిగినవారెవరు?

2. తమ్ముని గాని చెల్లెలిని గాని సాకుటకై బడి మానిన బాలికలు ఏ యిండ్లలో నున్నారు?

3. ఈ సంవత్సరము క్రొత్త పిల్లలను చేర్చుటకు మన వ్యవసాయ పనులనుబట్టి అనుకూలమైన వారమేది?

4. టీచరు సెలవు దినమున కేంద్రమును తెరచునది ఎవరు? ఆమెను పిల్లలు ఎరుగుదురా?

5. పంచాయతీ సభ్యుల యిండ్లలోని ఆరేండ్లలోపు బిడ్డలు ఎచ్చటికి పోవుచున్నారు?

ఈ ప్రశ్నలకు సమాధానములను వచ్చు సమావేశపు మినిట్సు పుస్తకమున వ్రాయించి, మూడు మాసముల తరువాత మరల తీసి చూడుడు. అప్పటికి వాకిలికి గడియ బిగింపబడి, గోడపై పట్టిక వ్రాయబడి, బడి మానిన బాలికలలో ఒకతెయైనను మరల తరగతిలో కూర్చుండినచో మీ సభ సార్థకమైనట్లే.